పరిశోధకుల పిల్లల బడి ఊరి పిల్లలకూ కావాలి

తిరుపతి ఐఐటీ, ఐసర్ (విజ్ఞానశాస్త్ర విద్య, పరిశోధన సంస్థ) సంచాలకులకు, గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, శ్రీహరికోటలోని సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం అధిపతులకు, తిరుపతి జిల్లా కలెక్టరుగారికి, జిల్లా విద్యాశాఖాధికారిగారికి నమస్కారాలతో,

అయ్యా, అమ్మా,

ఏర్పేడు దగ్గర బహుభాషా ప్రభుత్వ పాఠశాల ఒకటి నెలకొల్పమని మిమ్మల్ని అడుగుతున్నాను. ఎక్కడెక్కడి నుంచో వచ్చి మీ సంస్థల్లో పనిచేస్తున్న పరిశోధకుల పిల్లలు అందులో తమ మాతృభాషలు పోగొట్టుకోకుండా చదువుకోవాలి. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు మొదటి రోజు నుంచే వారి పక్కన కూర్చోవాలి. ఈ రెండో మాట లేకుండా మొదటి మాట నిలబడదని చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. ఓపికగా చదవమని ప్రార్థన.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా పనిచేసి విరమించాను. శ్రీకాళహస్తిలో ఉంటున్నాను. 2015లో మొదలైన ఐఐటీ, ఐసర్ ఆ తర్వాత ఏర్పేడు వైపు సొంత ప్రాంగణాలకు మారిన దగ్గర నుంచి మా చుట్టుపక్కల కొత్త భాషలు వినిపిస్తున్నాయి. బెంగాలీ, మలయాళం, మరాఠీ మాట్లాడే కుటుంబాలు వచ్చాయి. విదేశాల్లో ఏళ్ల తరబడి పరిశోధన చేసి తిరిగొచ్చిన తెలుగువాళ్లూ వచ్చారు. వారిలో కొందరు పిల్లలకు తెలుగు చెప్పమని నా దగ్గరకు పంపుతున్నారు. నాకు తెలిసినదంతా ఆ పిల్లల వల్ల తెలిసిందే.

ఒక అమ్మాయి మ్యూనిక్‌లో పుట్టింది. తల్లిదండ్రులది కడప వైపు పల్లె. ఇంట్లో చక్కని తెలుగు మాట్లాడుతుంది. రెండో తరగతి వరకు జర్మన్‌లో చదివింది కాబట్టి ఆ భాషలో లావుపాటి కథల పుస్తకాలు కూడా అలవోకగా చదివేది. ఇక్కడ ఒక బడిలో చేర్చబోతే ఇంగ్లిషులో పరీక్ష పెట్టారు. చదవడం రాదని తేల్చి ఒక తరగతి కిందికి దింపారు. బాగా చదవగలిగిన పిల్ల చదవడం రాని పిల్లగా ఆ బడి రిజిస్టరులోకి ఎక్కింది. ఏడాది తిరిగేసరికి ఇంగ్లిషు వచ్చింది, జర్మన్ పుస్తకాలు అటకెక్కాయి. ఆ పిల్ల ఎంత తెలివైనదో ఆమెకు పాఠం చెప్పినవారికి తెలిసే దారే లేకపోయింది. ఆమె ఆలోచించే భాష అక్కడ ఎవరికీ రాదు, రాకపోయినా అడిగి తెలుసుకునే ఏర్పాటూ లేదు.

ఇంకొక అబ్బాయిది బెంగాలీ కుటుంబం. తండ్రి ఉద్యోగం వెంట కోల్‌కతా నుంచి పుణె, పుణె నుంచి తిరుపతి. మొదటి బడిలో బెంగాలీ అక్షరాలు మొదలుపెట్టాడు, రెండో బడిలో మరాఠీ, ఇప్పుడు మా ఓనమాలు. పన్నెండేళ్ల పిల్లవాడు అ, ఆలు దిద్దడానికి సిగ్గుపడి పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. వాళ్ల అమ్మగారు భౌతికశాస్త్రం చదువుకున్న మనిషి. నాలుగు భాషలు మాట్లాడతాడు గాని ఏ ఒక్క భాషలోనూ మనసులో మాట ఒక పేజీ రాయలేడని ఆమె నాతో అన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో కనిపించిన దిగులు నేను ముప్పై ఏళ్లు పనిచేసిన బడుల్లో ఎంతోమంది పేద తల్లుల ముఖాల్లో చూసినదే.

పరిశోధకుల జీవితం తీరే అలాంటిది. పీహెచ్‌డీ ఒక చోట, రెండు మూడేళ్ల ఒప్పందం మీద పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం మరో చోట, మళ్లీ ఇంకో దేశంలో ఇంకొకటి, ఎప్పటికో ఒక స్థిరమైన కొలువు. సరిగ్గా పిల్లలు మాట, చదువు నేర్చే వయసంతా ఆ తిరుగుడులోనే గడిచిపోతుంది. బదిలీల మీద తిరిగే సైనికుల, కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లల కోసం 1963లో కేంద్రీయ విద్యాలయాలు వచ్చాయి. దేశమంతటా ఒకే పాఠ్యక్రమం ఉండటం వల్ల టీసీ పట్టుకుని ఏ ఊరికి వెళ్లినా చదువు తెగదు. అది గొప్ప మేలు. అయితే అక్కడి బోధన హిందీ, ఇంగ్లిషుల చుట్టూ అల్లుకున్నది. బెంగాలీ పిల్లవాడి బెంగాలీ, మ్యూనిక్ పిల్ల జర్మన్ అక్కడా ఇంటికే పరిమితం.

ఈ చిక్కును ఇంతకు ముందే ఎదుర్కొని దారి వేసినవారు ఉన్నారు. యూరప్ బొగ్గు, ఉక్కు సమాఖ్య లగ్జెంబర్గ్‌లో కార్యాలయం పెట్టినప్పుడు ఆరు దేశాల ఉద్యోగులు అక్కడికి చేరారు. వారి పిల్లల కోసం 1953లో బడి మొదలుపెట్టింది ప్రభుత్వాలు కాదు, ఆ తల్లిదండ్రులే. 1957లో ఆరు ప్రభుత్వాలూ ఒడంబడిక చేసుకుని దాన్ని తమ బాధ్యతగా తీసుకున్నాయి. ఆ తర్వాత ఉమ్మడి అణు పరిశోధన కేంద్రాలు ఎక్కడ వెలిస్తే అక్కడికి ఈ బడులూ వెళ్లాయి. 1960లో బెల్జియంలోని మోల్, ఇటలీలోని వరేసె, 1962లో జర్మనీలోని కార్ల్స్‌రూహె, 1963లో నెదర్లాండ్స్‌లోని బెర్గెన్. ప్రయోగశాలకు విద్యుత్తు, నీరు ఎంత అవసరమో బడి కూడా అంతే అవసరమని వాళ్లు ముందే గుర్తించారు.

ఆ యూరోపియన్ బడుల్లో పని జరిగే తీరు మీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనం నేర్చుకోవలసింది అక్కడే ఉంది. పిల్లవాడు ప్రధానంగా తన మాతృభాషా విభాగంలో చదువుతాడు. ఒకటో తరగతి నుంచే రెండో భాష మొదలవుతుంది. ఉన్నత తరగతులకు వచ్చాక చరిత్ర, భూగోళం లాంటివి ఆ రెండో భాషలోనే చెబుతారు. అక్కడికి వచ్చేసరికి ఇటలీ పిల్ల, జర్మనీ పిల్లవాడు ఒకే గదిలో ఇద్దరికీ పరాయిదైన భాషలో యుద్ధాల చరిత్ర చదువుతారు. ఆటలు, సంగీతం, చిత్రలేఖనం అన్ని విభాగాల వారినీ కలిపే నడుపుతారు. తన భాషకు ప్రత్యేక విభాగం పెట్టేటంత మంది లేని పిల్లవాడు వేరే విభాగంలో చేరతాడు గాని, అతని మాతృభాషా పాఠం మాత్రం ఆగదు. ఈ చివరి నియమం నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. మన దగ్గర ఏ భాషకూ విభాగం పెట్టేటంత మంది పిల్లలు ఉండరు. అయినా వారికి వారానికి నాలుగైదు గంటల మాతృభాష ఇవ్వవచ్చునని ఆ నియమం చెబుతోంది.

ఇక దక్షిణ ఫ్రాన్స్‌లోని మనోస్క్ సంగతి. సూర్యుడిలో జరిగే కేంద్రక సంలీనాన్ని (న్యూక్లియర్ ఫ్యూజన్) భూమి మీద సాధించే ఇటర్ ప్రయోగంలో మన దేశం పూర్తి భాగస్వామి. 2006లో సంతకాలు చేసిన ఏడుగురిలో మనమూ ఉన్నాం. ఆ యంత్రాన్ని చుట్టి ఉంచే బ్రహ్మాండమైన ఉక్కు పాత్ర క్రయోస్టాట్ గుజరాత్‌లోని హజీరాలో రూపుదిద్దుకుంది. ఆ ప్రయోగం కోసం ఎన్నో దేశాల నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకు 2007లో మనోస్క్‌లో అంతర్జాతీయ పాఠశాల తెరిచారు. మొదట తాత్కాలిక గదుల్లో నడిపి, తర్వాత అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం కట్టించిన భవనంలోకి మార్చారు. శిశు తరగతి నుంచి ఇంటర్మీడియట్ స్థాయి వరకు అన్నీ ఉన్నాయి. పాఠాలు కొంత ఫ్రెంచిలో, కొంత విభాగం భాషలో జరుగుతాయి. జపనీస్, చైనీస్, ఇటాలియన్, స్పానిష్, జర్మన్, ఇంగ్లిషు విభాగాలు ఏర్పడ్డాయి.

దాన్ని నడిపేది ఫ్రాన్స్ ప్రభుత్వ విద్యాశాఖ. స్థానిక ఫ్రెంచి కుటుంబాల పిల్లలూ అందులో చదువుతారు. ఇటర్ శాస్త్రవేత్త కూతురు, ఆ చిన్న పట్టణంలో పుట్టి పెరిగిన పిల్లవాడు ఒకే బల్ల మీద కూర్చుంటారు. నేను కోరుతున్న బడికి ఇంతకన్నా దగ్గరి నమూనా లేదు.

బడిని ఒక సంస్థ ఉద్యోగులకే ముడిపెడితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా ఉంది. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గరలోని కల్హమ్‌లో జెట్ అనే సంలీన ప్రయోగం కోసం వచ్చిన యూరప్ శాస్త్రవేత్తల పిల్లలకు 1978లో యూరోపియన్ బడి పెట్టారు. కాలక్రమాన అక్కడికి వచ్చే యూరప్ ఉద్యోగులు తగ్గారు, దానితో బడికి ఆధారమూ సన్నగిల్లింది. 2017లో అది మూతపడింది. అయితే మూతపడక ముందే అక్కడి తల్లిదండ్రులు పట్టుబట్టి, 2012లో అదే ఆవరణలో ప్రభుత్వ నిధులతో నడిచే బహుభాషా బడిని తెప్పించుకున్నారు. స్థానికులు సొంతం చేసుకున్నారు కాబట్టే ఆ చదువు అక్కడ బతికింది. మన సంస్థల్లోనూ ప్రాజెక్టులు వస్తాయి, పోతాయి. సంచాలకులు మారతారు. ఊరు మాత్రం ఉంటుంది. ఊరి పిల్లలతో నిండిన బడిని మూసేయడానికి ఏ అధికారికీ మనసొప్పదు, ఒప్పినా ఊరు ఊరుకోదు.

ఊరి పిల్లలు ఉండాలనడానికి ఇంకా బలమైన కారణం ఉంది. పరాయి భాష పిల్లవాడికి తెలుగు పుస్తకంతో రాదు. ఆటస్థలంలో వస్తుంది. మేర్లపాక పిల్లలు, జంగాలపల్లె పిల్లలు కబడ్డీ ఆడుతూ అరిచే తెలుగు మూడు నెలల్లో నేర్పేది నేను మూడేళ్లలో నేర్పలేను. ఏర్పేడు మండలంలోనే ఉంటూ తెలుగు ముక్క రాకుండా పెరిగే పిల్లలు ఇంట్లో పనిమనిషితో, దుకాణంలో శెట్టిగారితో సైగలతో గడుపుతున్నారు. వారికీ ఈ నేల తమదని అనిపించదు, ఇక్కడివారికీ ఆ కుటుంబాలు తమవని అనిపించవు.

మీ ప్రాంగణాల్లో భవనాలు కట్టడానికి ఒడిశా, బెంగాల్, బీహార్‌ల నుంచి వచ్చిన కూలీల కుటుంబాలను కూడా దయచేసి గుర్తుపెట్టుకోండి. రేకుల షెడ్లలో ఉండే ఆ పిల్లల్లో చాలామంది ఏ బడిలోనూ లేరు. చేర్చినా పాఠం అర్థంకాక మానేస్తారు. వారి కష్టమూ, పోస్ట్‌డాక్ పిల్లల కష్టమూ చదువు విషయంలో ఒక్కటే: ఊరు మారింది, భాష మారింది, చదువు తెగింది. బెంగాలీ ఆచార్యుడి కొడుకు, బెంగాలీ మాట్లాడే తాపీమేస్త్రీ కూతురు ఒకే బెంగాలీ తరగతిలో కూర్చుంటే ఆ తరగతి నడపడానికి చాలినంత మంది పిల్లలు దొరుకుతారు. ఇద్దరికీ సొంత భాషలో ఒక స్నేహం దొరుకుతుంది. ఇది దయ చూపమని అడగడం కాదు. 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణ, భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం కూడా సాధ్యమైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలంటోంది. చట్టం ముందు ఆచార్యుడి కొడుకు, మేస్త్రీ కూతురు అనే తేడా లేదు.

బహుభాషా బడి మన ప్రాంతానికి కొత్త విడ్డూరమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1960లో ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాలు సరిహద్దులు సర్దుకున్నప్పుడు తిరుత్తణి అటు వెళ్లింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. ఇవాళ్టికీ నగరి, పుత్తూరు, సత్యవేడు ఇళ్లలో తమిళం, కుప్పం వైపు కన్నడం, మా ఊళ్ల మధ్య ఉర్దూ వినిపిస్తాయి. తిరుమల కొండ మీద ప్రకటనలు అయిదు భాషల్లో వింటూ పెరిగినవాళ్లం మనం. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం 1997 నుంచి దక్షిణాది భాషల మీదే పనిచేస్తోంది. ఇక్కడ భాషలు తెలిసినవారికి కొరత లేదు. వారిని ఒక బడిలోకి తెచ్చే ఏర్పాటే లేదు.

ఒకే భాష మాట్లాడే ఏడుగురు పిల్లలు ఏడు వయసుల్లో ఉంటే పాఠం ఎలా చెబుతారని ఒక మండల విద్యాధికారి నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు కూడా పాత చిత్తూరు జిల్లాలోనే ఉంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాసంస్థ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు నడుపుతూ, ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఎవరి వేగంతో వారు ముందుకు సాగే కార్డుల పద్ధతిని రూపొందించింది. పిల్లవాడు నిచ్చెన మెట్టులా ఒక కార్డు పూర్తిచేసి తర్వాతి కార్డు తీసుకుంటాడు. కొన్ని కార్డులు తానే చేస్తాడు, కొన్ని పక్కవాడి సాయంతో, కొన్ని ఉపాధ్యాయుడి దగ్గర కూర్చుని. తమిళనాడు ప్రభుత్వ బడులు చేపట్టిన కృత్యాధార బోధనకు ఆ పద్ధతే మూలం. పల్లెటూరి ఏకోపాధ్యాయ పాఠశాల కోసం పుట్టిన ఆ పద్ధతి, ఏడుగురు పిల్లల బెంగాలీ తరగతికి అచ్చంగా సరిపోతుంది. ఆ కార్డులు బెంగాలీలో, మలయాళంలో, ఒడియాలో రాయించడం ఒక వేసవి సెలవుల పని.

ఉపాధ్యాయులు ఎక్కడ దొరుకుతారు? మీ ప్రాంగణాల్లోనే దొరుకుతారు. పరిశోధకుల వెంట వచ్చిన భార్యలు, భర్తలు ఎంతోమంది బీఈడీలు, ఎంఏలు చదివి, ఇక్కడ భాష రాక ఉద్యోగం దొరక్క ఇంట్లో కూర్చున్నారు. వారికి గంటల లెక్కన గౌరవంగా జీతం ఇచ్చి వారి భాష చెప్పించండి. గాదంకి, శ్రీహరికోట పిల్లలు రోజూ ఏర్పేడు రాలేరని నాకు తెలుసు, దూరం చాలా ఎక్కువ. వారి కోసం మాతృభాషా పాఠాన్ని మాత్రం తెర మీద కలిపి నడపవచ్చు. గాదంకి మలయాళీ పిల్లలు ఇద్దరు, ఏర్పేడు పిల్లలు ముగ్గురు, శ్రీహరికోట పిల్లలు నలుగురు ఉన్నారనుకుంటే ఒక తరగతి అయిపోయింది.

ఇంత అవస్థ ఎందుకు, శ్రీసిటీకి విదేశీ కంపెనీలు వచ్చాయి గనుక ఏదో ఒక ప్రైవేటు అంతర్జాతీయ బడి దానంతటదే వస్తుంది కదా అని అనేవారున్నారు. రావచ్చు. కాని అలాంటి బడుల రుసుము ఏడాదికి లక్షల్లో ఉంటుంది. పోస్ట్‌డాక్ భృతితో అది కట్టలేరు, ప్రాంగణం కాపలాదారు కట్టే మాటే లేదు. పైగా వాటిలో అధికభాగం ఇంగ్లిషు ఒక్కటే నడిచే బడులు. వేర్వేరు దేశాల పిల్లలను ఒకచోట చేర్చి అందరికీ ఒకే భాష మిగిల్చే బడిని బహుభాషా బడి అనలేం.

నేను ఇంగ్లిషుకు వ్యతిరేకిని కాను. ప్రతి పిల్లకూ మంచి ఇంగ్లిషు రావాలి. మా ఊరి పిల్లలకు మరీ రావాలి, అది లేకే మీ ప్రాంగణం గేటు దగ్గర ఆగిపోతున్నారు. ఒక భాషలో బాగా చదవడం వచ్చిన పిల్ల రెండో భాషలో త్వరగా చదవగలుగుతుంది. మొదటిది సగంలో తెంపితే రెండోదీ కుంటుతుంది. తరగతి గదిలో ఇన్నేళ్లు నిలబడి నేను చూసింది ఇదే. 2020 జాతీయ విద్యావిధానం వీలైన చోటల్లా కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాషలో బోధన ఉండాలని చెప్పింది. మన జిల్లాలో దాన్ని నిజంగా అమలు చేసి చూపే అవకాశం ఈ బడికి ఉంది.

బడి ఇలా ఉండాలని నా మనవి. భవనం, ప్రధానోపాధ్యాయుడు, సాధారణ ఉపాధ్యాయులు రాష్ట్ర ప్రభుత్వం వైపు నుంచి రావాలి. మాతృభాషా బోధకుల జీతాలు, గ్రంథాలయం, ప్రయోగశాల సంస్థలు భరించాలి. సగం సీట్లు సంస్థల కుటుంబాలకు ఇవ్వండి. ఆ మాటలో ఆచార్యుడు, సాంకేతిక సిబ్బంది, వంటమనిషి, కాపలాదారు, భవన నిర్మాణ కూలీ అందరూ ఉండాలి. మిగతా సగం చుట్టుపక్కల మండలాల పిల్లలకు లాటరీ తీసి ఇవ్వండి. ప్రవేశ పరీక్ష ఏ భాషలోనూ వద్దు. దరఖాస్తులో మాత్రం రెండు ప్రశ్నలు తప్పక ఉండాలి: ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పిల్లకు ఇప్పటికే ఏ భాషలో చదవడం వచ్చు. పిల్లను ఏ తరగతిలో కూర్చోబెట్టాలో ఆ రెండో జవాబును బట్టి నిర్ణయించాలి. ఆ ఒక్క ప్రశ్న వేసి ఉంటే మ్యూనిక్ పిల్ల తన వయసు వారితోనే కూర్చుని ఉండేది. తెలుగు అందరికీ ఉండాలి. కొత్తగా వచ్చినవారికి మొదటి రెండేళ్లు మార్కులు లేకుండా, మాటలతో, పాటలతో.

వారానికి ఒక మధ్యాహ్నం మీ శాస్త్రవేత్తలు బడికి రావాలి. గాదంకిలో ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపి గాలుల పోకడ కొలిచే రాడారు ఉందని చుట్టుపక్కల పల్లెల పిల్లల్లో ఎందరికి తెలుసు? రాకెట్టు ఎగిరిన రాత్రి మిద్దెల మీదికెక్కి చూసే పిల్లలకు దాని వెనక లెక్క చెప్పేవారు కావాలి. తెలుగు రాని శాస్త్రవేత్త చెబుతుంటే తోటి పిల్లలే తెలుగులోకి మార్చి చెబుతారు. అలాంటి పని ఇస్తే పిల్లలు ఎంత ఉత్సాహంగా చేస్తారో ఉపాధ్యాయులందరికీ తెలుసు.

భవనం లేచేదాకా ఆగనవసరం లేదు. లగ్జెంబర్గ్‌లో, మనోస్క్‌లో కూడా బడి ముందు, సొంత భవనం తర్వాత. ఈ జూన్‌లో బడులు తెరిచేసరికి ప్రాంగణంలో రెండు గదులు ఇప్పించండి. శనివారం ఉదయం పూట ఆచార్యుల పిల్లలకూ కూలీల పిల్లలకూ కలిపి మాతృభాషా తరగతులు మొదలుపెడదాం. ఊరి పిల్లలకు అదే సమయంలో పక్క గదిలో ఇంగ్లిషు, సైన్సు. ఆ తర్వాత గంట అందరూ కలిసి ఆడుకుంటారు. తెలుగు తరగతి నేను తీసుకుంటాను, నాతోపాటు విరమించిన మిత్రులు కొందరు సిద్ధంగా ఉన్నారు.

సంస్థల ప్రతినిధులు, మండల విద్యాధికారులు, రెండు వైపుల తల్లిదండ్రులు ఒకచోట కూర్చునేలా కలెక్టరుగారు మే నెలలోగా ఒక తేదీ నిర్ణయించాలని కోరుతున్నాను. కూలీల కుటుంబాల నుంచి కూడా ఇద్దరినైనా పిలవండి. వారు పగలు పనికి వెళతారు కాబట్టి సమావేశం ఆదివారం పెట్టించండి.

ఇట్లు,
విరమించిన తెలుగు ఉపాధ్యాయుడు,
శ్రీకాళహస్తి